పడమటి గోడ మీద రెండున్నర డిగ్రీలు

1987 ఏప్రిల్ 28, మంగళవారం

ఉదయం ఆరుకు 27. మధ్యాహ్నం రెండుకు 43. గాలి లేదు. మబ్బు లేదు.

పాత పుస్తకం నిండిపోయింది. డిసెంబరు దాకా రావలసినది ఏప్రిల్‌లోనే అయిపోయింది. ఈ ఏడాది అంకెలతోపాటు మాటలు కూడా రాస్తున్నాను, అదీ కారణం. మాటలు చోటు ఎక్కువ తింటాయి. ఈ పుస్తకంలో తగ్గించాలి.

మొదటి పేజీలో ఎప్పుడూ రాసే వివరాలు: రాసేవాడు హనుమంతరాయుడు, శనక్కాయల మిల్లులో తూకం గుమాస్తా. వయసు నలభై నాలుగు. అయిదో తరగతి దాకా బడి, తర్వాత చదివిందంతా సొంతంగా. ఇంట్లో నేనూ, మా అక్క రామాంజినమ్మ. పెళ్లి కాలేదు. (ఇది థర్మామీటరుకు సంబంధించిన విషయం కాదు. కొట్టివేయాలి.) థర్మామీటరు: 1969లో వజ్రకరూరు దగ్గర వజ్రాల కోసం నేల తవ్విన సర్వేవాళ్ళ దగ్గరికి కూలికి పోయినప్పుడు, క్యాంపు ఎత్తేస్తూ ఒక ఇంజనీరు ఇచ్చినది. 1970 జనవరి ఒకటి నుంచి రోజుకు రెండుసార్లు చూస్తున్నాను. జ్వరం వచ్చిన నాలుగు రోజులు తప్ప మానలేదు. తగిలించిన చోటు: ఇంటి పడమటి గోడ, సజ్జ కింద. 1985 మార్చి వరకు ఉత్తరపు గోడ. వెలుగు కోసం మార్చడమైనది.

ఏప్రిల్ 30, గురువారం

ఉదయం 27. మధ్యాహ్నం 43.5.

వంక వాగు అవతల సుంకమ్మ సున్నపు బట్టీ ముట్టించింది. పొగ నిలువుగా, తాడు వేలాడదీసినట్టు లేచింది. గాలి లేదనడానికి అదే ఆధారం. అందుకే చూశాను.

ఒక విషయం రాసిపెట్టుకోవాలి. సుంకమ్మ హోటలు తిమ్మన్నను అన్నా అంటుంది. పెద్దమనిషి దాసప్పను మామా అంటుంది. చెప్పులు కుట్టే ఆదెన్నను చిన్నాయనా అంటుంది. నన్ను మాత్రం ఏమప్పా అంటుంది. మూడేళ్ళుగా గమనించాను, ఒక్కసారి కూడా అన్నా అనలేదు. కారణం తెలియదు.

మే 2, శనివారం

ఉదయం 28. మధ్యాహ్నం 43.5.

తిమ్మన్న హోటల్లో పేపరు చదువుతున్నాను. ఎండ తప్పించుకోవడానికి పదిమంది చేరారు. మిల్లు మూత, చేలల్లో పని లేదు.

"ఏమప్పా డిగ్రీలూ, ఈ పొద్దు ఎంత?" అన్నాడు తిమ్మన్న. ఊళ్ళో నా పేరు అదే.

"నలభై మూడున్నర."

"ముందు గూడా ఇంతేనా? మాకు ఈ నడుమనే ఎక్కువైనట్లుండాది."

పుస్తకాలు చూసి ఉన్నాను కాబట్టి ఉన్నది చెప్పాను. "ఎనభై నాలుగు దాకా ఒక తీరు. ఎనభై అయిదు నుంచి మధ్యాహ్నం అంకె సుమారు రెండున్నర డిగ్రీ ఎక్కువ."

"ఏంటికట్ల?"

పేపర్లో ఆ రోజే ఒక వ్యాసం వచ్చింది. బొగ్గూ చమురూ కాలిస్తే పుట్టే బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో చేరి, భూమికి కంబళి కప్పినట్టు వేడిని ఆపుతుందని. అదీ చెప్పాను. "బొగ్గు పొగ గూడా ఒక కారణమంట."

తిమ్మన్న టీ వడగట్టడం ఆపాడు. "సుంకమ్మ బట్టీ ఎప్పుడు కట్టిందప్పా?"

"ఎనభై అయిదులోనే గదా. శివరాత్రి దాటినంక" అన్నాడు పుల్లన్న. ఆయన తోట బట్టీకి పక్కనే.

హోటలంతా ఒకేసారి వంక వైపు తిరిగింది.

నేను చెప్పినవి రెండూ నిజాలే. ఊరు వాటిని కలిపి ఒక అబద్ధం చేసుకుంది. ఆపాల్సింది. టీ చల్లారిపోతోందని తాగాను.

మే 4, సోమవారం

ఉదయం 28. మధ్యాహ్నం 44.

అక్క బోరింగు దగ్గర విన్నదంతా తెచ్చి నా ముందు పోసింది. ఊరి కోళ్ళు గుడ్లు పెట్టకపోవడం, పుల్లన్న తోటలో నిమ్మచెట్లు ఎండడం, ఆదెన్న భార్యకు కండ్లు తిరగడం, అన్నిటికీ సుంకమ్మ బట్టీయే కారణమట.

"నువ్వే చెప్పినావంటనే" అంది అక్క.

"నేను అలా చెప్పలేదు."

"నువ్వు నోరిప్పేదే ఏడాదికి రెండుసార్లు. ఇప్పిన దినమే ఇట్లయితాది."

మే 6, బుధవారం

ఉదయం 28.5. మధ్యాహ్నం 44.

దాసప్ప తీర్మానం: ఈ నెల పద్దెనిమిది సోమవారం కొండ మీద వరదపాశం. వానల కోసం బండ మీద పాయసం పోసి, చేతులు వెనక్కి పెట్టుకొని, ఊరంతా వంగి నాకుతుంది. అంతకు ముందురోజు ఆదివారం సాయంత్రం చావడిలో పంచాయితీ. బట్టీ వల్లనే ఎండ అని తేలితే, వరదపాశానికి ముందే దాన్ని పడగొట్టాలి. ఒకపక్క వాన అడుగుతూ, ఇంకోపక్క ఎండను కాలుస్తూ కూర్చుంటే దేవునికి ఏ మాట వినాలో తెలియదు కదా అన్నాడట.

దాసప్ప చెడ్డవాడు కాదు. ఆ మాట వింటే సబబుగానే ఉంటుంది. అదే ఇబ్బంది.

మే 7, గురువారం

ఉదయం 28.5. మధ్యాహ్నం 44.

అంకె రాసుకొని తల ఎత్తేసరికి సుంకమ్మ ఎదురుగా నిలబడి ఉంది. మోచేతుల దాకా సున్నం. కొంగు తల చుట్టూ బిగించి కట్టింది.

"ఏమప్పా, నా బట్టీతోనే ఎండ కాస్తాందంటనే?"

"నేను అట్ల చెప్పలేదు."

"మల్ల యెట్ల చెప్పినావు?"

రెండు మాటలూ విడివిడిగా, ఏ క్రమంలో చెప్పానో ఆ క్రమంలోనే చెప్పాను.

"విడిగా చెప్తే కలుపుకొనేకి రాదా జనానికి? సున్నం నేనిస్తా. ఇసక వంకలో ఉండాది. కలిపి గోడ కట్టుకొనేది వాళ్ళే" అంది. "రాయి రాయి పేర్చి మూడు నెల్లు కట్టినానప్పా ఆ బట్టీ. దాన్ని పడగొడితే మల్ల మా తమ్ముని ఇంటికి పోయి, వాని పెండ్లాము పెట్టినప్పుడు తినాల. మొగుడు పోయినంక నాలుగేండ్లు తిన్న్యా ఆ కూడు. ఇంగ తినను."

రాసిన అంకె మీదే మళ్ళీ అదే అంకె దిద్దాను.

"సరే, ఆ పేపర్లో ఏముండాదో చెప్పు."

వాయువు సంగతి చెప్పాను. భూమి నుంచి పైకి పోయే వేడిని అది కొంత ఆపుతుందని, కంబళిలాంటిదని. ఆమె వెంటనే అందుకుంది.

"అంటే బట్టీ మీద మెత్తే మన్ను మాదిరి. లోపల నిప్పు ఎంతన్నా ఉండనీ, పైన మన్ను మెత్తకుంటే వేడంతా ఆకాశానికి పోతాది, రాయి పచ్చిగానే ఉంటాది. నిప్పు లేకుండా ఉత్త మన్ను మెత్తినా అంతే. రెండూ కలిస్తేనే రాయి కాలేది."

"అంతే" అన్నాను. నాకు వ్యాసం మూడుసార్లు చదివితే ఇంత అర్థం కాలేదు.

"మూతంటే తెలిసింది. నిప్పేంది?"

"ఎండ."

"ఎండ ప్రతేడూ ఉండాది గదా. ఈయేడు ఇంతేంటికి?"

"తెలీదు."

"తెలుసుకో. ఆదివారం నన్ను పిలిచినారు. నిన్ను గూడా పిలుస్తారు."

పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి గోడను, థర్మామీటరును, తన బట్టీని వరసగా చూసింది. ఎందుకు చూసిందో తెలియదు.

మే 9, శనివారం

ఉదయం 28. మధ్యాహ్నం అంకె లేదు. కదిరి పోయాను. (జ్వరం కాకుండా మానడం ఇదే మొదటిసారి.)

సైన్సు చెప్పే మద్దిలేటి సారు ఇంటికి పోయాను. సెలవులు కాబట్టి బనీనుతో, తల మీద తడి తువ్వాలతో దొరికాడు. మిల్లుకు కాయలు తోలేటప్పుడు తెలిసిన మనిషి. చెప్పినదంతా మరిచిపోకముందు రాస్తున్నాను.

తూర్పున చాలా దూరంలో పసిఫిక్ అనే మహాసముద్రం ఉంది. కొన్నేళ్ళకొకసారి అందులో ఒక మేర నీళ్ళు మామూలుకంటే వేడెక్కుతాయి. మూడేళ్ళకో, ఏడేళ్ళకో, దానికి క్యాలెండరు లేదు. అప్పుడు గాలుల దారి మారుతుంది. మన వైపు వానలు తరచుగా తగ్గుతాయి. ఇప్పుడు అలాంటి కాలమే నడుస్తోందట. నేలలో తేమ ఉంటే ఎండలో కొంత ఆ తేమను ఆవిరి చేయడానికి పోతుంది. తేమ లేకపోతే ఎండంతా గాలిని కాల్చే పనిలోనే ఉంటుంది. దానికి తోడు కొన్ని రోజులు పైగాలి కిందికి అణిగి, కదలకుండా కూర్చుంటుంది. మబ్బు కట్టనివ్వదు, చల్లగాలిని రానివ్వదు. ఇది మనుషులు చేసింది కాదు, ఎప్పటి నుంచో వస్తూ పోతూ ఉన్నదే. అంటే ఇదే నిప్పు.

మూత వేరు. నూరేళ్ళకు పైగా లోకమంతా రైళ్ళూ మిల్లులూ బొగ్గు కాలుస్తున్నాయి. ఆ వాయువు ఏటికేడు చేరుతోంది. వచ్చిన నిప్పు పోతుంది గానీ, చేరిన మూత అంత సులువుగా పోదు. ఏ ఏడాది ఎండ ముదరాలో సముద్రమూ గాలీ చూసుకుంటాయి, ముదిరిన ఎండను ఇంకొంచెం పైకి నెట్టేది ఈ మూత.

"ఈ యేటి ఎండలో ఏది ఎంత పాలు సార్?"

"అంత లెక్క ఇంకా ఎవరి తావా లేదప్పా. ఉందని చెప్పినోన్ని నమ్మొద్దు."

ఒక బట్టీ సంగతి అడిగాను. ఒక బట్టీలో పుట్టిన వాయువు ఒక ఊరి మీదే గొడుగు పట్టుకొని నిలబడదని, లోకమంతా కలిసిపోతుందని చెప్పాడు. అప్పుడు నా రెండున్నర డిగ్రీలు బయటపెట్టాను. సారు తువ్వాలు తీసి నా వైపు చూశాడు.

"మూడేండ్లలోనా? మీ ఒక్క ఊర్లోనేనా? లోకమంతా అంత వేడెక్కల్లంటే తరాలు పడుతుంది. నువ్వు గాల్లో ఎతకొద్దు. థర్మామీటరు తావ ఎతుకు. యాడ తగిలించినావు?"

"గోడకు."

"యా గోడకు?"

బస్సుకు టైమైందని లేచాను.

బస్సు ఇంకా గంటంబావుకు ఉంది. బస్టాండులో కూర్చున్నాను.

మే 10, ఆదివారం

ఉదయం 28. మధ్యాహ్నం 44.

యా గోడకు అని అడిగాడు.

మే 11, సోమవారం

వెలుగు కోసమే మార్చాను. ఉత్తరపు గోడ దగ్గర గీతలు సరిగా కనపడేవి కావు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఉత్తరపు గోడకు పోయి చూశాను, ఉత్త చేతులతో. గోడ మీద అక్క బొగ్గుతో రాసిన పాల లెక్క కూడా చదవడానికి వచ్చింది.

మే 12, మంగళవారం

థర్మామీటరు ఒక్కటే ఉంది కాబట్టి మోస్తున్నాను. ఒకటీ నలభైకి ఉత్తరపు గోడ: 41.5. రెండుకు పడమటి గోడ: 44. మళ్ళీ రెండూ ఇరవైకి ఉత్తరపు గోడ: 41.5.

పడమటి గోడ నల్లరాయి. మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా దాని మీదే. సజ్జ నీడ థర్మామీటరుకు ఉంది గానీ గోడకు లేదు. నేను కొలిచింది గోడ వేడి.

మే 13, బుధవారం

ఉత్తరం 41. పడమర 43.5.

మే 14, గురువారం

ఉత్తరం 41.5. పడమర 44.

మూడు రోజులూ రెండున్నరే. ఇంత ఖచ్చితంగా వస్తే మామూలుగా సంతోషపడేవాణ్ణి.

అక్క మిద్దె మీద నుంచి చూస్తోంది. "ఏరా రాయుడూ, దాన్ని సంకలో బిడ్డ మాదిరి ఆడికీ ఈడికీ మోస్తాండావు? ఏమైంది దానికి?"

"పరీక్ష."

"దానికా, నీకా?"



మే 15, శుక్రవారం

ఉత్తరం 42. పడమర 44.5.

ఎల్లుండి చెప్పవలసినది: అంకె పెరిగింది బట్టీ వల్ల కాదు, గోడ మారినందువల్ల. అంతే. అక్కడితో ఆపాలి.

ఎందుకు మార్చావని అడిగితే: మేకు వదులైంది.

అద్దం ముందు రెండుసార్లు అన్నాను. మేకు వదులైంది. మేకు వదులైంది. బాగానే ఉంది.

మే 17, ఆదివారం

ఉదయం 29. ఉత్తరం 42. పడమర 44.5.

ఇప్పుడే చావడి నుంచి వచ్చాను. వరసగా రాయాలి.

సాయంత్రం అయిదుకు అందరూ చేరారు. మగవాళ్ళు అరుగు మీద, ఆడవాళ్ళు మెట్ల దగ్గర. సుంకమ్మ ఒక పక్కగా, ఎవరినీ ఆనుకోకుండా కూర్చుంది. బట్టీ ముట్టించి మూడోరోజట, మన్ను ఇంకా వేడిగా ఉందట. పడగొట్టాలంటే ఇప్పుడే పడగొట్టండి, నిప్పు మీద పడతారు అని ముందే చెప్పింది.

దాసప్ప నన్ను పిలిచాడు. "రాయుడూ, నువ్వు తక్కువ మాట్లాడేవానివి. దానికే నీ మాట మీద నమ్మకం. బట్టీతోనే ఎండ ఎక్కువైందా, లేదా? ఒక్క మాటలో చెప్పు."

"ఒక్క మాటలో రాదు మామా."

"రెండు మాటల్లో చెప్పు."

"నిప్పు. మూత."

నవ్వారు. తర్వాత చెప్పుకుంటూ పోయాను. సున్నం కాల్చడం అందరూ చూసిందే కాబట్టి సుంకమ్మ చెప్పినట్టే చెప్పాను. సముద్రమూ గాలీ ఎండిన నేలా నిప్పు, లోకంలోని పొగంతా మూత, రెండూ కలిసిన ఏడాది ఇలా కాలుతుందని. నా జీవితంలో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆడవాళ్ళ వైపు తలలు ఊగాయి.

పుల్లన్న లేచాడు. "అట్లయితే సుంకమ్మ పొగ గూడా ఆ మూతలో ఉన్నట్లే గదా?"

లేదు అంటే అయిపోయేది. "ఉంది" అన్నాను.

చావడి గుప్పుమంది. సుంకమ్మ నా వైపు చూసిన చూపు రాయలేను.

"నీ డీజిలింజను పొగ గూడా ఉంది పుల్లన్నా. మనూరికొచ్చే బస్సుది ఉంది. దేశదేశాల రైళ్ళవీ మిల్లులవీ ఉండాయి. ఊరంత కంబళిలో సుంకమ్మది ఒక వెంట్రుక కూడా కాదు. అది పీకేస్తే ఎవరికీ చల్లగా తగలదు. మూత మందం తగ్గల్లంటే నేసేవాళ్ళంతా కలిసి ఆపల్ల. పైగా ఆ మూత ఒక్క మనూరి మీదనే ఉండదు, అందరి మీదా పరుచుకుంటాది."

పుల్లన్న తెలివైనవాడు. "అందరి మీదా పరుచుకుంటే మనూర్లోనే మూడేండ్లకు రెండున్నర డిగ్రీ ఎక్కువేంటికి? కదిరిలో పెరిగిందా? నీ పుస్తకమే గదా చెప్పింది?"

"పుస్తకం తప్పు" అన్నాను.

పదిహేడేళ్ళుగా ఊళ్ళో ఎండ గురించి తగవు వస్తే నా పుస్తకమే తీర్పు. ఆదెన్న బీడీ ఆర్పేశాడు.

"అంకెలు తప్పు కాదు. గోడ తప్పు. ఎనభై అయిదులో థర్మామీటరును ఉత్తరపు గోడ నుంచి పడమటి గోడకు మార్చినాను. ఆ గోడ కాలుతుంది. ఈ వారమంతా రెండు గోడలూ కొలిచినాను. తేడా సరిగ్గా రెండున్నర. పెరిగింది ఎండ కాదు, నా గోడ."

దాసప్ప తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "పదిహేనేండ్లు ఉత్తరపు గోడకు బాగానే ఉన్నింది గదా. మార్చిందేంటికి?"

"మేకు వదులైంది."

మెట్ల దగ్గర నుంచి అక్క గొంతు. "మేకు ఇప్పటికీ ఉండాది మామా. దానికి నేను జల్లెడ తగిలిస్తాండా."

"వెలుగు" అన్నాను.

"పట్టపగలు రెండింటికి ఎలుగు తక్కువైందా అప్పా నీకు?" అన్నాడు తిమ్మన్న.

పుల్లన్నకు అదే కావాలి. "సూడండి, మాట మీద మాట మారుస్తాండాడు. గోడ కత గూడా ఇట్లాటిదే. ఆయమ్మను చూసి జాలిపడి అల్లుకొచ్చినాడు."

దాసప్ప కూడా తల ఊపాడు. "రాయుడూ, కారణం సరిగా చెప్పకపోతే నీ గోడ మాట నేనెట్ల నమ్మేది? చెప్తావా, బట్టీ కాడికి గునపాలు పంపల్లా?"

సుంకమ్మ లేచి నిలబడింది. ఎవరినీ అడగలేదు, ఏడవలేదు. గునపాలు వచ్చేలోపు బట్టీ దగ్గరికి చేరాలన్నట్టు కొంగు బిగించింది.

"పడమటి గోడ కాడ నిలబడితే బట్టీ కనపడుతుంది" అన్నాను. "ఉత్తరపు గోడ కాడ నుంచి కనపడదు."

"బట్టీలో ఏముండాదప్పా చూసేకి?" అన్నాడు దాసప్ప. నిజంగానే తెలియక అడిగాడు.

"బట్టీలో ఏమీ లేదు మామా."

ముందు ఆడవాళ్ళకు అర్థమైంది. మెట్ల దగ్గర మొదలైన నవ్వు అరుగు మీదికి ఎక్కింది. తిమ్మన్న స్తంభం పట్టుకున్నాడు. ఆదెన్నకు దగ్గు పట్టింది. దాసప్ప తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఓరి నీ! ఊరు వేడెక్కిందని మూడేండ్లుగా రాస్తాండావు గదరా, ఎక్కింది నీకా!" అన్నాడు. పుల్లన్న కూడా నవ్వాడు. నవ్వాక మళ్ళీ గునపం మాట ఎత్తడం కష్టం.

సుంకమ్మ ఒక్కటే నవ్వలేదు. తల వంచి మోచేతి మీద ఎండిన సున్నం గోటితో గీరుకుంది. తర్వాత, "నా బట్టీకి మన్ను మెత్తల్ల, పోతాండా" అని మెట్లు దిగి పోయింది.

ఎవరూ ఆపలేదు.

మే 18, సోమవారం

ఉదయం 29. మధ్యాహ్నం 42. (ఉత్తరపు గోడ. ఇక నుంచి ఇక్కడే.)

వరదపాశం జరిగింది. బండ చల్లగా ఉంటుందని పొద్దున్నే పోశారు గానీ, రాత్రంతా అది వేడి వదల్లేదు. తిమ్మన్న మీసం బెల్లంతో అతుక్కుపోయింది. నా పక్కన వంగినవాళ్ళంతా నన్ను చూసి నవ్వుతూ నాకడంతో సగం పాయసం వాళ్ళ ముక్కులకే అంటింది.

వాన రాలేదు. పాయసం బాగుంది.

మే 19, మంగళవారం

ఉదయం 28.5. మధ్యాహ్నం 41.5.

హోటలుకు పోలేదు.

మే 21, గురువారం

ఉదయం 28. మధ్యాహ్నం 41.

హోటలుకు పోలేదు. టీ ఇంట్లోనే తాగాను. అక్క టీ బాగుండదు.

1985 మార్చి నుంచి ప్రతి మధ్యాహ్నపు అంకె పక్కన ఎర్రసిరాతో 'పడమటి గోడ' అని రాస్తున్నాను. ఎనిమిది వందల పైచిలుకు ఉన్నాయి. సగం అయింది. రెండున్నర తీసేసి చూస్తే ఈ మే వేడి నెలే, కానీ నా పుస్తకాల్లో అన్నిటికంటే వేడిది కాదు. ఎండ ముదిరిన ఏళ్ళు, తగ్గిన ఏళ్ళు వచ్చిపోవడం మాత్రం బాగా తెలుస్తోంది. నిప్పు పైకీ కిందికీ పోవడం అది. మూత ఎంత మందమైందో ఒక ఊరి ఒక గోడ చెప్పలేదు. ఇంకో ముప్పై ఏళ్ళు, గోడ మార్చకుండా రాస్తే ఏమన్నా తెలుస్తుందేమో. రాయాలి.

ఉత్తరపు గోడ దగ్గర నుంచి కనపడేవి: పశువుల కొట్టం, జొన్నసొప్ప వామి, పుల్లన్న ఇంటి దగ్గరి డీజిలింజను. అన్నీ చూశాను.

మే 24, ఆదివారం

ఉదయం 27. మధ్యాహ్నం 39.5.

రెండుకు పది నిమిషాల ముందే సుంకమ్మ వచ్చింది. మోచేతుల దాకా కడుక్కొని వచ్చింది.

"ఈడ నుంచి బట్టీ కనపడదంటనే" అంది.

"కనపడదు."

"మల్ల యెట్ల?"

థర్మామీటరు వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

"చావడిలో అంతమంది ముందర చెప్పేకి వచ్చింది. నా ముందర రాదా?"

"అక్కడ గునపాలు ఉండాయి" అన్నాను.

అప్పుడు నవ్వింది. పోయిన ఆదివారం నాటి నవ్వు ఇంత ఆలస్యంగా వచ్చింది. లోపల అక్క గిన్నెలు కడగడం ఆపేసింది. వినడానికే.

"సరే, దీన్ని చదివేది నాకు నేర్పు" అంది. "నా మీద కేసు పెట్టింది ఈ గాజుపుల్ల. ఏం చెప్తాందో నేనూ తెలుసుకోవల్ల."

పాదరసం ఎక్కడ ఆగిందో, పెద్ద గీతలేవో, చిన్న గీతలేవో చూపించాను. కన్ను పాదరసానికి సమానంగా పెట్టాలని చెప్పాను. కొంచెం వంగి, ఊపిరి బిగబట్టి చూసింది.

"నలభైకి ఒక చిన్న గీత కింద."

"ముప్పై తొమ్మిదిన్నర" అన్నాను. సరిగ్గా చదివింది. మొదటిసారే.

అక్క తలుపు దగ్గరికి వచ్చి, "సుంకమ్మా, మజ్జిగ తాగిపోదువు రా. వానికి నేర్పేది రాదు, రాసేది తప్ప" అంది. మజ్జిగ తాగుతూ ఉత్తరపు గోడ నీడలోనే కూర్చుంది. బట్టీ సంగతి, తమ్ముని సంగతి, సున్నం తడిపితే రాయి బుసకొట్టే సంగతి చెప్పింది. నేను విన్నాను. రెండు మూడు మాటలు నేను కూడా అన్నాను.

అంకె చదవడానికి అర నిమిషం చాలు. ఈ రోజు ముప్పావు గంట పట్టింది.

లేస్తూ, "ఇది పూర్తిగా నేర్చుకొనేకి ఎన్ని దినాలు పడుతుందప్పా?" అని అడిగింది.

చాలా కష్టమైన విద్య అని చెప్పాను. రోజూ రావలసి ఉంటుందన్నాను.